పసుపు కుప్పకు హెచ్చు పాట.. సీసీ రోడ్డుకు తగ్గు పాట
అంచనా దగ్గర మొదలై ఎం.బుక్కు దగ్గర తేలే మున్సిపల్ టెండరు.. మధ్యలో కౌన్సిల్‌కు దక్కేది ఒక్క నిమిషం

ఆర్మూర్: టెండరు అంటే ఏమిటో ఆర్మూర్ ప్రాంత పసుపు రైతుకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. కాడి ఒక కుప్పగా, గోళ ఒక కుప్పగా నిజామాబాద్ మార్కెట్ యార్డులో పోసుకొని కూర్చుంటే ఖరీదుదారులు వచ్చి కొమ్ము విరిచి, రంగు చూసి, ధర వేసి వెళతారు. హెచ్చు ధర వేసిన వారికి కుప్ప దక్కుతుంది. ఖరీదుదారులు ముందుగా కూడబలుక్కున్న రోజున ఎంత నాణ్యమైన సరుకైనా ధర పలకదన్న సంగతీ రైతుకు అనుభవమే. ఎక్కడి వ్యాపారి అయినా కంప్యూటర్‌లో ధర వేయగలిగితే ఈ కూడబలుకుడు తగ్గుతుందన్న ఆశతోనే 2016 ఏప్రిల్ 14న దేశంలో ఈ-నామ్ విధానం ప్రారంభమైంది. తొలి విడతలో ఎంపికైన 21 మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి.

పురపాలక సంఘం టెండరు దీనికి అద్దంలో కనిపించే బొమ్మ వంటిది. యార్డులో రైతు అమ్ముతాడు, కనుక హెచ్చు ధర గెలుస్తుంది. మున్సిపాలిటీలో పట్టణం కొంటుంది. రోడ్డును, మురుగు కాలువను, నల్లా పైపులను కొంటుంది, కనుక తగ్గు ధర గెలవాలి. కూడబలుకుడు జరిగిన రోజున అక్కడ ధర పడిపోతుంది, ఇక్కడ ధర పెరిగిపోతుంది. పట్టణంలో ఇల్లు ఉన్న రైతు రెండు చోట్లా నష్టపోతాడు. ఒక్కటే తేడా. కుప్ప దగ్గర రైతు స్వయంగా కూర్చుని ఉంటాడు. మున్సిపాలిటీలో అతని తరఫున కూర్చోవలసినవారు వార్డు కౌన్సిలర్.

హర్రాజు చూసిన ఊళ్లు

ఆర్మూర్ 2006లో పురపాలక సంఘంగా మారింది. అంతకుముందు అది గ్రామ పంచాయతీ. 2014 ఎన్నికల నాటికి 23 వార్డులు ఉండగా, పెర్కిట్, మామిడిపల్లి విలీనమైన తరువాత 2020 జనవరి ఎన్నికల నాటికి వార్డుల సంఖ్య 36కు చేరింది. అంటే పట్టణ ప్రజల్లో చాలామంది నిన్న మొన్నటి దాకా పల్లె పాలనలో ఉన్నవారే. ఈ ప్రాంతపు పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీలు చెరువు చేపలు మొదలుకొని దుకాణాల దాకా నలుగురి ముందు హర్రాజు వేయడం ఏళ్ల తరబడి చూస్తున్నదే. ఆ కమిటీలకు చట్టబద్ధత లేదు. మాట వినని కుటుంబాలను సాంఘిక బహిష్కరణకు గురిచేసిన ఉదంతాల్లో పోలీసు కేసులూ నమోదయ్యాయి. ఆ పద్ధతిని మెచ్చుకోవలసిన పని లేదు. అయినా ఒక మాట ఒప్పుకోక తప్పదు. చివరి పాట ఎంతో, ఎవరు పాడారో, ఎవరు మధ్యలో తగ్గారో ఊరంతటికీ వినబడుతుంది. చట్టం ప్రకారం సాగే మున్సిపల్ టెండరులో పట్టణ ప్రజలకు వినబడనిది సరిగ్గా అదే.

మున్సిపాలిటీలోనూ హర్రాజు లేకపోలేదు. దుకాణ సముదాయాల అద్దె, తైబజారు, వాహనాల పార్కింగ్ వంటి ఆదాయ వనరులను బహిరంగ వేలం ద్వారా అప్పగించడం పురపాలక సంఘాల్లో పాత పద్ధతి. అక్కడ హెచ్చు పాటదే గెలుపు. చిక్కల్లా పాట పాడిన తరువాతే వస్తుంది. సగం సొమ్ము కట్టి మిగిలినది బకాయి పెట్టడం, గడువు ముగిసినా పాత అద్దెకే కొనసాగడం తెలంగాణ పట్టణాల్లో తరచుగా వార్తల్లోకి వచ్చే సంగతులే. పట్టణం ఎక్కువ సొమ్ము వెచ్చించేది మాత్రం పనుల టెండర్లపైనే.

డబ్బు ఏ పద్దుది?

ఏ పనికైనా అడగవలసిన మొదటి ప్రశ్న ఇది. ఇంటి పన్ను, నల్లా బిల్లు, ట్రేడ్ లైసెన్సు, ఇళ్ల అనుమతుల రుసుములు, అద్దెలు కలిసి సాధారణ నిధి అవుతాయి. దీనిపై కౌన్సిల్‌కు ఉన్నంత పట్టు మరే నిధిపైనా లేదు. అందులోంచి సిబ్బంది వేతనాలు, కరెంటు బిల్లులు పోగా మిగిలేది చిన్న పట్టణాల్లో స్వల్పం. 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించవలసి ఉంటుంది.

కేంద్రం నుంచి వచ్చేది ఆర్థిక సంఘం గ్రాంటు. పదిహేనవ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు పది లక్షల లోపు జనాభా గల పట్టణాలకు సిఫార్సు చేసిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి మాత్రమే కట్టుబడినది. మిగిలిన 40 శాతమే స్థానిక అవసరాలకు, అదీ జీతాలకు కాకుండా, వాడుకోవాలి. లెక్కలు తనిఖీ చేయించి ప్రజల ముందుంచితేనే గ్రాంటు అన్న షరతు కూడా ఉండేది. రాష్ట్రం నుంచి 2020 ఫిబ్రవరి 24న మొదలైన పట్టణ ప్రగతి కింద నెలవారీ నిధులు వచ్చిన కాలమూ ఉన్నది.

ఇక అమృత్ 2.0 వంటి పెద్ద పథకాల సంగతి వేరు. 2021 అక్టోబరు 1న ప్రారంభమైన ఈ పథకం కింద తాగునీటి, మురుగునీటి పనులకు టెండర్లు పిలిచింది ప్రజారోగ్య ఇంజినీరింగ్ విభాగం. పలు పట్టణాల పనులను కలిపి ప్యాకేజీలుగా చేసినప్పుడు వార్డు కౌన్సిలర్‌కు పని సంగతి తెలిసేది గల్లీలోకి యంత్రం వచ్చి తవ్వడం మొదలుపెట్టిన రోజునే. రోడ్డు తవ్వినందుకు జనం నిలదీసేది కౌన్సిలర్‌నే అయినా ఒప్పందంపై సంతకం ఎక్కడో జరిగి ఉంటుంది. పట్టణాల పాలనను స్థానిక సంస్థలకే అప్పగించాలన్న 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులో ఉన్నదన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు.

అంచనా దగ్గరే సగం ఖాయం

టెండరు ప్రకటన వెలువడే నాటికి అసలు కథ సగం ముగిసి ఉంటుంది. వార్డులో పని కావాలని కౌన్సిలర్ కోరినప్పుడు ఏఈ స్థలం చూసి అంచనా వేస్తారు. ఆ అంచనాకు ప్రభుత్వం నిర్ణయించే ప్రామాణిక ధరల పట్టికే ఆధారం. కౌన్సిల్ లేదా అధికార పరిధి గల వారు పరిపాలనా అనుమతి ఇస్తారు. పని విలువను బట్టి పై ఇంజినీర్లు సాంకేతిక అనుమతి ఇస్తారు. ఈ రెండు అనుమతులూ వేర్వేరన్న విషయం చాలామంది సభ్యులకు సైతం స్పష్టంగా తెలియదు. పని అవసరమా, కాదా అన్నది మొదటిది. లెక్క సరిగా ఉన్నదా, లేదా అన్నది రెండవది.

లెక్క కోసం ఒక రోడ్డును ఊహించుకోవచ్చు. 200 మీటర్ల పొడవు, మూడున్నర మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం గల సీసీ రోడ్డు. మూడింటినీ హెచ్చవేస్తే 105 ఘనపు మీటర్ల కాంక్రీటు. అన్నీ కలిపి అంచనా 20 లక్షల రూపాయలు అనుకుందాం, అంటే మీటరు పొడవుకు 10 వేలు. పాత రోడ్డు గట్టిగా ఉన్నా దాన్ని తవ్వి తీసినట్లు చూపడం, మట్టిని దూరం నుంచి తెచ్చినట్లు రాయడం, అక్కరలేని చోట గ్రావెల్ పొర చేర్చడం వంటివి ఉంటే ఆ 20 లక్షల్లోనే గాలి నిండి ఉంటుంది. ఆ తరువాత టెండరులో ఎంత తగ్గించినా అది నిజమైన తగ్గింపు కాదు. రోడ్ల వంటి పనులపై జీఎస్టీ 2022 జులై 18 నుంచి 12 శాతానికి బదులు 18 శాతం కావడంతో పాత పనికీ కొత్త పనికీ అంచనాలు పోల్చేవారు ఆ తేడాను తీసివేసి చూడాలి.

రెండవ ఎత్తు ముక్కలు చేయడం. ఒక విలువ దాటిన పనికి ఆన్‌లైన్ టెండరు తప్పనిసరి. ఆ విలువ లోపు పనిని చిన్న టెండరుతోనో, నామినేషన్‌పైనో ఇవ్వవచ్చు. ఈ పరిమితి కాలక్రమంలో మారుతూ వచ్చింది. పరిమితి ఎంతైనా ఎత్తు ఒక్కటే. 200 మీటర్ల రోడ్డును 50 మీటర్ల చొప్పున నాలుగు ముక్కలు చేసి, 'ఫలానా ఇంటి నుంచి ఫలానా ఇంటి వరకు' అంటూ నాలుగు పనులుగా రాస్తారు. అజెండాలో అవి పక్కపక్కన కాకుండా దూరదూరంగా ఉంటాయి. వరసగా చదివేవారికి దొరకవు, ఇళ్ల పేర్లు తెలిసిన వార్డు మనిషికి ఇట్టే దొరుకుతాయి. ముక్కలు చేయడానికి న్యాయమైన కారణాలూ లేకపోలేదు. నిధులు విడతలుగా రావచ్చు, మధ్యలో కోర్టు వివాదం ఉన్న స్థలం అడ్డు రావచ్చు. అప్పుడు ఆ కారణం ఫైలులో రాసి ఉండాలి.

బాక్సు పోయింది, రింగు పోలేదు

ఆన్‌లైన్ టెండర్లు రాకముందు మున్సిపల్ కార్యాలయంలో ఇనుప బాక్సు ఉండేది. షెడ్యూలు కొనడానికి వచ్చినవారికి 'అయిపోయాయి' అని చెప్పడం, గడువు రోజున బాక్సు దగ్గరకు ఇతరులను రానివ్వకుండా మనుషులను కాపలా పెట్టడం తెలుగు నేలపై అన్ని జిల్లాల్లో విన్న కథలే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలైన తరువాత ఆ దౌర్జన్యానికి తెరపడింది. దక్షిణ కొరియా తన జాతీయ ఆన్‌లైన్ కొనుగోళ్ల వేదికను 2002లో ప్రారంభించింది. అంటే ఈ విషయంలో మన ప్రాంతం ప్రపంచానికి వెనుకబడి లేదు.

అదే 2003 జులైలో నీటిపారుదల శాఖ జారీ చేసిన జీవో 94 టెండర్ల పద్ధతిని మార్చివేసింది. తెలంగాణ ఏర్పడిన తరువాత కూడా టెండరు పత్రాల్లో దాని నిబంధనలే కనిపిస్తూ వచ్చాయి. అంచనా విలువకు 5 శాతానికి మించి ఎక్కువ కోట్ చేసిన టెండరును తిరస్కరించాలి. 25 శాతానికి మించి తక్కువ కోట్ చేస్తే అంచనాలో 75 శాతానికీ, కోట్ చేసిన సొమ్ముకూ మధ్య గల తేడాను అదనపు డిపాజిట్‌గా కట్టాలి. పై రోడ్డునే చూస్తే, 30 శాతం తక్కువకు అంటే 14 లక్షలకు కోట్ చేసిన గుత్తేదారు 15 లక్షలకూ 14 లక్షలకూ మధ్య గల లక్ష రూపాయలు అదనంగా కట్టాలన్నమాట. అతి తక్కువకు పని పట్టి మధ్యలో వదిలేసేవారికి ఇది పగ్గం.

ఇప్పుడు పట్టణంలో గుత్తేదారుల నోట వినిపించే 'లెస్', 'ఎక్సెస్' మాటలకు అర్థం చెప్పుకోవచ్చు. అంచనాకు తక్కువైతే లెస్, ఎక్కువైతే ఎక్సెస్. నలుగురు నిజంగా పోటీ పడి 15 శాతం లెస్‌కు పని ఖరారైతే ఆ రోడ్డుకు పట్టణం చెల్లించేది 17 లక్షలు. నలుగురూ రింగై, ఒకరికి పని వదిలి, మిగిలినవారు అంతకంటే ఎక్కువ కోట్ చేసి తోడు నిలిస్తే 4.9 శాతం ఎక్సెస్‌కు 20 లక్షల 98 వేలు అవుతుంది. తేడా దాదాపు 4 లక్షలు. మీటరుకు 10 వేల లెక్కన అది 40 మీటర్ల రోడ్డు. తప్పుకున్నవారికి ముట్టే సొమ్ముకు గుత్తేదారుల భాషలో 'గుడ్‌విల్' అన్న మర్యాదైన పేరు ఉన్నది.

కంప్యూటర్ రింగును ఎందుకు పట్టలేదంటే, రింగు కంప్యూటర్ బయట జరుగుతుంది కనుక. చిన్న పట్టణంలో పనులు చేసేవారు పదిమందికి మించరు. ఒకరి ఫోను నంబరు మరొకరి దగ్గర ఉంటుంది. టెండరు వేయడానికి డీడీ ఏ బ్యాంకులో ఎవరు తీశారో సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోయిన రోజులు ఉండేవి. దానికి తోడు షరతులు. మొదటి కవరులో అర్హత పత్రాలు, రెండవ కవరులో ధర. మొదటిది నెగ్గితేనే రెండవది తెరుస్తారు. గతంలో ఫలానా తరహా పని చేసి ఉండాలని, ఫలానా యంత్రం సొంతంగా ఉండాలని రాసిన షరతు పని స్వభావాన్ని బట్టి రాసినదా, ఒక మనిషిని బట్టి రాసినదా అన్నది చూస్తే చాలాసార్లు తెలిసిపోతుంది. పట్టణంలో ఒక్కరి దగ్గరే ఉన్న యంత్రాన్ని 200 మీటర్ల రోడ్డుకు షరతుగా పెడితే అందరూ చూసే ఆన్‌లైన్‌లోనే పోటీకి తలుపు మూసుకుంటుంది.

టెండర్లలో కూడబలుక్కోవడం 2002 నాటి కాంపిటీషన్ చట్టం సెక్షన్ 3 కింద నిషిద్ధం. అయితే ఒక వార్డు రోడ్డు కోసం ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్ దాకా వెళ్లేవారెవరు? దగ్గరలో ఉన్న ఒకే ఒక్క అడ్డుకట్ట కౌన్సిల్.

గుత్తేదారుల వాదననూ వినాలి. పని పూర్తయిన నెలల తరబడి బిల్లులు రాక, తెచ్చిన అప్పుకు వడ్డీ కడుతున్నామని వారు రాష్ట్రమంతటా ఆందోళనలు చేసిన సందర్భాలు ఉన్నాయి. అందులో నిజం ఉన్నది. బిల్లుపై ఆదాయపు పన్ను, జీఎస్టీ మినహాయింపులు, కార్మిక సంక్షేమ సెస్సు ఒక శాతం, సీనరేజీ కోతపడతాయి. డిపాజిట్ సొమ్ము నిలిచి ఉంటుంది. బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని చోట కొత్తవారు టెండరు వేయరు. మిగిలేది ఆ పదిమందే. పోటీ లేకపోవడానికి రింగు ఎంత కారణమో, సకాలంలో బిల్లు చెల్లించలేని ఖజానా కూడా అంతే కారణం.

కౌన్సిల్‌లో ఒక్క నిమిషం

వచ్చిన టెండరు ఆమోదానికి కౌన్సిల్ ముందుకు వస్తుంది. 'ఫలానా వార్డులో సీసీ రోడ్డు నిర్మాణమునకు వచ్చిన టెండరును ఆమోదించు విషయము' అన్న ఒక్క వాక్యం అజెండాలో ఉంటుంది. ఎన్ని టెండర్లు వచ్చాయి, ఎంతమంది అర్హత కోల్పోయారు, ఎందుకు కోల్పోయారు, ఎంత శాతానికి ఖరారైంది అన్న వివరాలు కమిషనర్ కార్యాలయం తయారుచేసే నోట్‌లో ఉండాలి. ఆ నోట్ సభ్యుల చేతికి ముందుగా వచ్చిందా అన్నదే అసలు ప్రశ్న. అజెండాలో నలభై యాభై అంశాలు ఉంటే, సమావేశం గంటన్నరలో ముగిస్తే, ఒక్కో అంశానికి ఎంత సమయం దక్కుతుందో లెక్క వేసుకోవచ్చు. అందులోనూ తొలి అరగంట పందులు, కుక్కలు, వీధి దీపాలపై పోతుంది. అవి ముఖ్యం కావని కాదు. ఓటరు రోజూ అడిగేవి అవే.

ఇక టేబుల్ అజెండా. ముందుగా పంపిన అజెండాలో లేని అంశాన్ని సమావేశం నాడు బల్లపై ఉంచి ఆమోదం పొందడం. పైపు పగిలి నీళ్లు ఆగిపోయినప్పుడు, వరద ముంచుకొచ్చినప్పుడు ఇది అవసరమే. దుకాణాల లీజు పొడిగింపు టేబుల్ అజెండాలో వస్తే మాత్రం అడగవలసిందే. లీజు గడువు ఏ రోజున ముగుస్తుందో ఒప్పందంపై సంతకం చేసిన నాడే తెలుసు కదా! 'ముందస్తు అనుమతితో చేపట్టిన పనులకు ఆమోదం' అన్నది ఇంకో వాక్యం. పని అప్పటికే జరిగిపోయి, ఒక్కోసారి బిల్లు కూడా తయారై ఉంటుంది. సభ్యులు చేయి ఎత్తేది జరిగిపోయినదానికి.

ఇష్టం లేని సభ్యుడు మౌనంగా ఉంటే తీర్మానంలో అతనూ ఆమోదించినట్లే లెక్క. 'ఏకగ్రీవంగా తీర్మానించడమైనది' అన్న మాట కింద అతని వ్యతిరేకత కనబడదు. అసమ్మతి ఉంటే కాగితంపై రాసి ఇచ్చి, తీర్మాన పుస్తకంలో నమోదు చేయించుకోవాలి. బయటికి వచ్చి విలేకరుల ముందు చేసే ఆరోపణ మరునాటికి పాతబడుతుంది. పుస్తకంలోని ఒక్క పంక్తి ఆడిట్ దాకా, అవసరమైతే న్యాయస్థానం దాకా నిలుస్తుంది. టెండర్ల వివాదంలో సుప్రీంకోర్టు 1994లో టాటా సెల్యులార్ కేసులో చెప్పిన సూత్రం ప్రకారం న్యాయస్థానాలు నిర్ణయం మంచిదా కాదా అన్నదానికంటే అది ఏ పద్ధతిలో జరిగిందన్నదే చూస్తాయి. ఆ పద్ధతికి సాక్ష్యం ఫైలు, తీర్మాన పుస్తకమే.

కౌన్సిల్ కన్నా కుర్చీ చుట్టూ నడిచిన రాజకీయం ఈ పట్టణంలోనూ తక్కువేమీ కాదు. 2019 చట్టం ప్రకారం మూడేళ్లు నిండాక అవిశ్వాసం పెట్టవచ్చు, మూడింట రెండొంతుల బలం కావాలి. 2024 జనవరిలో ఆర్మూర్‌లో చైర్‌పర్సన్‌పై పెట్టిన అవిశ్వాసం నెగ్గింది. అప్పట్లో రాష్ట్రంలోని అనేక పట్టణాల్లో ఇదే వరస. అవిశ్వాసానికి బలం కూడగట్టే నెలల్లో పనుల పంపకమే బేరసారాల సరుకు అవుతుందన్న విమర్శ ఏ పార్టీనీ వదలదు. మహిళలకు సగం స్థానాలు దక్కినా సమావేశం బయట గుత్తేదారులతో మాట్లాడేది భర్తలేనన్న మాట ఇంకా పోలేదు. 2025 జనవరిలో పాలకవర్గాల గడువు ముగిసి పట్టణాలు ప్రత్యేకాధికారుల పాలనలోకి వెళ్లినప్పుడు అసలు ఈ ఒక్క నిమిషం కూడా లేకుండా పోయింది. ప్రతిపాదించేదీ అధికారులే, ఆమోదించేదీ అధికారే.

ఎం.బుక్కు.. పట్టణపు తక్‌పట్టీ

కుప్ప అమ్ముడుపోయిన తరువాత రైతు చూసేది తక్‌పట్టీ. ఎన్ని కిలోలు తూగింది, తరుగు ఎంత, హమాలీ ఎంత, చేతికొచ్చేది ఎంత అన్నది అందులో ఉంటుంది. ధర బాగా పలికినా కాంటాలో పోతే ఫలితం లేదు. మున్సిపల్ పనికి ఆ తక్‌పట్టీ కొలతల పుస్తకం. కార్యాలయ భాషలో ఎం.బుక్కు. ఏఈ కొలిచి రాస్తారు, డీఈ సరిచూస్తారు, దాన్ని బట్టే బిల్లు.

పై రోడ్డును 15 సెంటీమీటర్లకు బదులు 12 సెంటీమీటర్ల మందంతో వేస్తే కాంక్రీటు 84 ఘనపు మీటర్లే పడుతుంది. పుస్తకంలో 105 అని రాస్తే అయిదో వంతు మాయం. పై నుంచి చూస్తే రెండు రోడ్లకూ తేడా తెలియదు. పొడవు, వెడల్పు టేపుతో ఎవరైనా కొలవగలరు, మందం కొలవలేరు. తగ్గు ధరకు పని పట్టిన గుత్తేదారు నష్టాన్ని పూడ్చుకునేదీ, రింగు ధరకు పట్టినవాడు లాభాన్ని పెంచుకునేదీ ఈ కనబడని మూడు సెంటీమీటర్లలోనే. అందుకే రోడ్డు అంచుకు మట్టి నింపకముందు పక్క నుంచి స్కేలు పెట్టి చూసిన గల్లీ మనిషికి తెలిసినంత పదేళ్ల తరువాత వచ్చే ఆడిట్‌కు తెలియదు. పోసిన కాంక్రీటును అచ్చులలో నింపి 28 రోజుల తరువాత బలం పరీక్షించిన నివేదిక కూడా బిల్లుతో పాటు ఉండాలి. ఎండాకాలంలో పోసిన రోడ్డును తడపకుండా వదిలేస్తే మందం సరిపోయినా బలం రాదు.

పది రూపాయల దరఖాస్తు

ఐరోపాలోని స్లొవాకియా దేశంలో 2011 నుంచి ప్రభుత్వ ఒప్పందం ఏదైనా ఇంటర్నెట్‌లో పెడితేనే అమలులోకి వస్తుంది. పెట్టనంత వరకు అది చెల్లదు. మన దగ్గర టెండరు ప్రకటన ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది గానీ అంచనా ప్రతి, తీర్మానం, ఎం.బుక్కు మాత్రం బీరువాలో ఉంటాయి. 2005 నాటి సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 వీటిలో చాలావాటిని అడగకుండానే బయటపెట్టాలంటున్నది. అడిగితే గానీ రావన్నది అనుభవం.

అడగడానికి మున్సిపల్ కార్యాలయంలో రుసుము పది రూపాయలు, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకుంటే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు. 'అవినీతి వివరాలు ఇవ్వగలరు' అని రాసిన దరఖాస్తు ఎక్కడికీ పోదు. కాగితాన్ని దాని పేరుతో అడగాలి. ఫలానా పని సవివర అంచనా, సాంకేతిక అనుమతి ప్రతి, టెండర్ల తులనాత్మక పట్టిక, కౌన్సిల్ తీర్మానం నంబరుతో సహా ప్రతి, ఒప్పంద పత్రం, ఎం.బుక్కు సంబంధిత పుటలు, నాణ్యత పరీక్ష నివేదిక అని విడివిడిగా రాయాలి. తులనాత్మక పట్టిక ఒక్క పనిది కాకుండా ఏడాదిలో జరిగిన అన్ని పనులదీ అడిగితే మేలు. ఒక పనిలో ఓడినవారు మరో పనిలో గెలుస్తూ, అందరి కోట్లూ అంచనాకు రెండు మూడు శాతం అటూ ఇటూగానే ఉంటే రింగు తనంతట తానే కాగితంపై గీసుకొని కనిపిస్తుంది.

చాలామంది వాడుకోని హక్కు అదే చట్టంలో ఇంకొకటి ఉన్నది. సెక్షన్ 2(జె) ప్రకారం పౌరులు పనిని స్వయంగా తనిఖీ చేయవచ్చు, వాడుతున్న సామగ్రి నమూనాను ధ్రువీకరింపజేసుకొని తీసుకోవచ్చు. లంచం అడిగిన సందర్భమైతే దారి వేరు. ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064.

దరఖాస్తు ఎప్పుడు పెట్టాలన్నదానికీ లెక్క ఉన్నది. పని పూర్తయిన తరువాత టెండరు పత్రంలో రాసిన గడువు వరకు, సాధారణంగా రెండేళ్లు, లోపాలు కనిపిస్తే సొంత ఖర్చుతో సరిచేయవలసిన బాధ్యత గుత్తేదారుదే. బిల్లులోంచి పట్టి ఉంచిన డిపాజిట్ అంతవరకు మున్సిపాలిటీ దగ్గరే ఉంటుంది. పని పూర్తయిన తేదీ ఎం.బుక్కు చివరి పుటలో ఉంటుంది. రోడ్డు పగుళ్లు చూసిన గల్లీవారు ఆ తేదీ తెలుసుకొని, గడువు ముగియకముందే ఫొటోలతో కమిషనర్‌కు ఫిర్యాదు చేసి రశీదు తీసుకుంటే మరమ్మతు గుత్తేదారు డబ్బుతో జరుగుతుంది. ఆ తేదీ దాటిన మరునాడు అదే పగులు కొత్త అంచనాగా మారి, తదుపరి అజెండాలో మరో వాక్యమై వస్తుంది.